బండి పంపమంటే ఇన్ని ప్రశ్నలా? ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తేవాళ్లకు ట్రైనింగ్ ఉంటదా అసలు?

రామప్ప_రోడ్డు
పోయిన నెల మా బాపుకు పక్షవాతం వచ్చింది. రాత్రి పదకొండున్నర దాటింది. మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక పక్కకు ఒరిగాడు. మూతి వంకర పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. నేను ఫోన్ కలిపాను. అవతల ఒక అమ్మాయి. ఏ జిల్లా, ఏ మండలం, ఏ ఊరు, ఊర్లో ఎక్కడ, దగ్గర్లో గుడి ఉందా బడి ఉందా, పేషెంట్ పేరు, వయసు, ఎప్పటి నుంచి ఇట్లా ఉంది, స్పృహలో ఉన్నాడా. బాపు నా భుజం మీద నుంచి జారిపోతుంటే నేను జనాభా లెక్కల వాళ్లకు చెప్పినట్టు చెప్తూ కూర్చున్నా. ఆఖరికి "ముందు బండి పంపు తల్లీ" అని అరిచాను. ఆమె అదే గొంతుతో "సార్, స్పృహలో ఉన్నారా?" అని మళ్లీ అడిగింది.

అసలు సంగతి తర్వాత. చాలాసేపటికి బండి డ్రైవర్ ఫోన్ చేసి "అన్నా, ముల్లకట్ట బ్రిడ్జి దాటినం, ఇక్కడి నుంచి ఎటు రావాలె?" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మాది రామప్ప దగ్గరి వెంకటాపూర్. మా ఊరికి రావడానికి గోదావరి దాటాల్సిన పనేముంది? వాళ్లు నూగూరు వెంకటాపురం పోతున్నారు.

పక్కింటాయన కారులో వరంగల్ తీసుకుపోయాం. బాపు బతికాడు. కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. ఏ నంబరుకు చేశానో, ఎవరి బండో రాయను, ఎవరి మీదా కేసు పెట్టే ఉద్దేశం లేదు. నేను అడిగేది ఒక్కటే. అన్ని ప్రశ్నలు అడిగి కూడా బండిని వేరే ఊరికి పంపారంటే, వీళ్లకు ట్రైనింగ్, పరీక్ష, సర్టిఫికెట్ లాంటివి ఏమన్నా ఉంటాయా?

కాకతీయ_77
ట్రైనింగా? హెడ్‌సెట్ ఇచ్చి కుర్చీ చూపిస్తారు. అంతే.

పత్తిచేను
వెంకటాపూర్, వెంకటాపురం లొల్లి ఇప్పటిది కాదు. 2016కు ముందు ఒకటి వరంగల్ జిల్లా, ఇంకోటి ఖమ్మం జిల్లా. జిల్లా పేరు చెప్తే సరిపోయేది. ఇప్పుడు రెండూ ములుగు జిల్లాలోనే, రెండూ మండలాలే. మా బావ పెళ్లికి డీజే వాళ్లు అటు వెంకటాపురం పోయి అక్కడి నుంచి ఫోన్ చేశారు. పెళ్లి మాత్రం ఇటు. బావ ఇప్పటికీ అదే మంచిదయింది అంటాడు.

స్టీరింగ్_అన్న
నేను అంబులెన్స్ నడుపుతా. రామప్ప_రోడ్డు తమ్మీ, నీ బాధ అర్థమయింది. కానీ ఆ డ్రైవర్‌ను ఏమీ అనకు. మా ఫోన్‌లో పడ్డ ఊరే మాకు దేవుడు. అటు బయలుదేరినంక మధ్యలో అనుమానం వచ్చి ఫోన్ చేశాడంటే వాడు మంచోడే. కొందరు ఊరు చేరిందాకా చెయ్యరు.

మాజీ_హెడ్‌సెట్
నేను అలాంటి గదిలో నాలుగేళ్లు పనిచేశాను. ఎక్కడ అన్నది అడగొద్దు. కాకతీయ_77 గారూ, కుర్చీ చూపించే ముందు కొన్ని వారాల క్లాసు ఉంది మాకు. ఆ తర్వాత సీనియర్ పక్కన కూర్చుని, అదే కాల్‌కు రెండో హెడ్‌సెట్ తగిలించుకుని వినడం. ఆ తర్వాతే సొంతంగా ఎత్తడం. అది సరిపోయిందా అంటే సరిపోలేదు. ఆ మాటకు తర్వాత వస్తా.

ముందు ప్రశ్నల సంగతి. ఫోన్ ఎత్తేవాళ్లు వేరు, బండి పంపేవాళ్లు వేరు. నేను ఊరు, ఏం జరిగింది అన్నవి రెండూ టైప్ చేయగానే అది పక్క వరసలో కూర్చున్న డిస్పాచర్ స్క్రీన్ మీద పడుతుంది. నేను మీతో ఇంకా మాట్లాడుతుండగానే ఆయన దగ్గర్లో ఖాళీగా ఉన్న బండికి ఫోన్ చేస్తుంటాడు. అంటే "స్పృహలో ఉన్నారా?" అని అడిగే టైముకు మీ బండి చాలావరకు కదిలే ఉంటుంది. ఆ ప్రశ్నలు బండిని ఆపవు. బండిలో వచ్చే టెక్నీషియన్‌కు ఏం సిద్ధం చేసుకోవాలో చెప్పడానికి, బండి వచ్చేలోపు మీతో ఏం చేయించాలో తెలుసుకోవడానికి అవి.

పక్షవాతంలో "ఎప్పటి నుంచి" అన్నది అన్నింటికన్నా ముఖ్యం. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. అందుకే "చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు" అని అడగాలి. నిద్రలో వస్తే లేచిన టైము కాదు, పడుకున్న టైము లెక్క.

మీ కాల్‌లో తప్పు ఎక్కడ జరిగి ఉంటుందంటే, మొదటి ప్రశ్నలోనే. మాకు ఊర్ల పేర్లు లిస్టులో వస్తాయి. మూడు అక్షరాలు కొట్టగానే పది ఊర్లు కిందికి జారతాయి. మీరు టెన్షన్‌లో 'వెంకటాపూ..' అన్నారు, ఆమె లిస్టులో పైది నొక్కింది. ఊరు పేరు తిరిగి చదివి వినిపించి, పక్క ఊరు ఒకటి అడిగి ఖాయం చేసుకోవాలి. "రామప్ప గుడి ఉన్న వెంకటాపూరేనా?" ఒక్క ముక్క. మా ట్రైనర్ అనేవాడు, ఊరు తప్పితే నువ్వు తర్వాత ఎంత ముద్దుగా మాట్లాడినా దండగేనని.

రామప్ప_రోడ్డు
మరి బండి కదిలిందని నాకు ఎవరు చెప్పాలి అక్కా/అన్నా? నాకు కలొస్తదా?

మాజీ_హెడ్‌సెట్
అన్ననే. మీరన్నది నిజం. మా స్క్రిప్టులో "బండి బయలుదేరింది" అన్న మాట ఆఖరి లైను. దాన్ని రెండో లైనుకు తేవాలని మేం చాలాసార్లు చెప్పాం. "బండి పంపిస్తున్నాం, నేను లైన్‌లోనే ఉంటా, ఇప్పుడు మీ నాన్న గురించి చెప్పండి" అంటే సగం అరుపులు ఆగుతాయి. నేను సొంతంగా అట్లా చెప్పేవాడిని. ఆడిట్‌లో స్క్రిప్టు దాటావని మార్కులు పోయేవి.

బీపీఓ_బాబు
ఆడిట్ అంటే రికార్డింగ్ విని మార్కులు వేసేదే కదా. మా టెలికాం ప్రాసెస్‌లోనూ అంతే. కాల్ ఎంతసేపు సాగింది, ఎన్నిసార్లు సార్ అన్నావు, క్లోజింగ్ చెప్పావా. స్క్రిప్టు ఉండడం తప్పు కాదు. ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడితే రేపు ఇంకొకరు సలహా పేరు మీద పాముకాటుకు బ్లేడుతో కొయ్యమంటారు. నేను స్క్రిప్టు పక్షమే.

మాజీ_హెడ్‌సెట్
స్క్రిప్టు వద్దని నేను అనలేదు బాబూ. దాన్ని ఎవరు రాశారు, దేనికి మార్కులు వేస్తున్నారు అన్నదే గొడవ. బిల్లు గురించి ఫోన్ చేసినవాడి కాల్ తొందరగా ముగిస్తే కంపెనీకి లాభం. ఊపిరి ఆగినవాడి కాల్‌ను ఎందుకు ముగించాలి? బండి గుమ్మంలోకి వచ్చేదాకా లైన్‌లో ఉండాల్సిన కాల్ అది. రెండింటికీ ఒకే కొలత పెట్టే సూపర్‌వైజర్లను చూశాను.

నైట్‌షిఫ్ట్_సిస్టర్
క్యాజువాలిటీలో పదకొండేళ్లు. భాష గురించి ఎవరూ మాట్లాడడం లేదేంటి? మన వైపు ఫోన్‌లో జనం చెప్పే మాటలు చూడండి:

"మందు తాగిండు." సారా తాగాడా, పురుగుల మందు తాగాడా?

"పురుగు ముట్టింది." రాత్రిపూట పాము పేరు ఎత్తరు మన పెద్దవాళ్లు. పాము కరిచిందన్నట్టు. మన మాట తెలియని పిల్ల చీమో తేలో అనుకుంటుంది.

"పెయ్యి కాలుతుంది." జ్వరం. కాలిన గాయాలు కాదు.

"దమ్ము అందుత లేదు." ఆయాసం.

మా దగ్గరికి ఒకసారి "మద్యం మత్తు, స్పృహ తక్కువ" అని రాసిన కాగితంతో పేషెంట్ వచ్చాడు. దగ్గరికి పోతే నోటి నుంచి గడ్డి మందు వాసన. ఇంట్లోవాళ్లు చెప్పింది "మందు తాగిండు" అనే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, రాసుకున్నవాళ్లూ అబద్ధం రాయలేదు. "ఏ మందు, డబ్బా ఉందా" అని ఒక్కరు అడిగి ఉంటే చాలు. ఆ డబ్బా వెంట తెమ్మంటే మాకు సగం పని అయిపోతుంది. ఉప్పు నీళ్లు తాగించి కక్కించవద్దని ఫోన్‌లోనే చెప్పాలి. పత్తి ఏరియాలో పనిచేసేవాళ్లకు ఇది మొదటి రోజు పాఠం కావాలి.

పత్తిచేను
సిస్టర్ చెప్పిన పురుగు సంగతి నూటికి నూరుపాళ్లు. మా అమ్మమ్మ అయితే పురుగు అని కూడా అనదు, "అది" అంటుంది.

కాకతీయ_77
పక్షవాతానికి పది వేళ్లకూ సూదితో గుచ్చి రక్తం తీస్తే తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్ ఎత్తేవాళ్లు ఇలాంటివి ఎందుకు చెప్పరు?

నైట్‌షిఫ్ట్_సిస్టర్
ఎందుకంటే అది పచ్చి అబద్ధం కాబట్టి. ఆ గుచ్చుడుకు పోయేది టైము. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యండి అన్నా, మీ గ్రూపులో కూడా చెప్పండి.

కాకతీయ_77
సరే సరే.

డల్లాస్_హనుమకొండ
మాది సుబేదారి. ఇప్పుడు టెక్సాస్‌లో ఒక కౌంటీ 911 సెంటర్‌లో (911 అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) కాల్ టేకర్‌ను, అంటే ఫోన్ ఎత్తేవాళ్లలో ఒకణ్ని. ఇక్కడి పద్ధతి కొంచెం చెప్తా, గొప్పలకు కాదు. మెడికల్ కాల్స్‌కు చాలా సెంటర్లు వాడే ప్రశ్నల కార్డులు సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టర్ 1970ల చివర్లో తయారుచేసినవాటి నుంచి వచ్చాయి. అంతకుముందు ఇక్కడ కూడా "ఎక్కడ, ఏమైంది, వస్తున్నాం" అని పెట్టేసేవాళ్లే. ఆ కార్డులు వాడే సర్టిఫికెట్‌కు 24 గంటల కోర్సు, పరీక్ష, సీపీఆర్ (ఆగిన గుండెకు ఛాతీ నొక్కడం) నేర్చుకున్నట్టు కార్డు. రెండేళ్లకోసారి మళ్లీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఫోన్ ఎత్తడానికి కూడా కొలత ఉంది: 90 శాతం కాల్స్ 15 సెకన్లలో ఎత్తాలి. సెంటర్లన్నీ అందుకుంటున్నాయని మాత్రం అనను. మనుషులు దొరక్క చాలాచోట్ల ఓవర్‌టైమే.

కాకతీయ_77
వచ్చింది అమెరికా పాట.

డల్లాస్_హనుమకొండ
ఆ పాటలో రెండో చరణం కూడా విను అన్నా. ఇక్కడ ప్రభుత్వం ఉద్యోగాలను వర్గాలుగా రాసే లెక్కలో పోలీసులు, ఫైర్ వాళ్లు రక్షణ ఉద్యోగులు. మేం ఆఫీసు క్లర్కుల గుంపులో ఉన్నాం. దాన్ని మార్చాలని ఏళ్ల తరబడి కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, బిల్లు పెడుతూనే ఉన్నారు. ఒకరి చేత్తో ఫోన్‌లోనే కాన్పు చేయించి వచ్చి కూర్చున్నా మేం క్లర్కులమే. కాబట్టి గౌరవం సంగతిలో ఓరుగల్లుకూ డల్లాస్‌కూ పెద్ద తేడా లేదు.

బీపీఓ_బాబు
రెండో చరణం బాగుంది 😄

సింగరేణి_బిడ్డ
అందరూ తిడుతున్నారు కాబట్టి నా కేసు చెప్తా. గోదావరిఖని. మా మామయ్య, రెండో షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, టీవీ ముందు కుర్చీలో కూర్చుని వెనక్కి పడిపోయాడు. ఫోన్‌లో అబ్బాయి రెండే అడిగాడు. పిలిస్తే పలుకుతున్నాడా? ఊపిరి మామూలుగా ఉందా? నేను "గురక పెడుతున్నాడు, నిద్రలోకి పోయినట్టుంది" అన్నాను. ఆ అబ్బాయి గొంతు మారింది. "ఆ గురక ఎట్లా ఉందో ఫోన్ దగ్గర పెట్టి వినిపించండి" అన్నాడు. వినిపించాను. "అక్కా, అది నిద్ర కాదు. ఆయన్ని కింద చాప మీద పడుకోబెట్టండి, ఫోన్ స్పీకర్‌లో పెట్టండి" అన్నాడు.

ఛాతీ మధ్యలో చేతులు పెట్టించాడు. "నేను లెక్కపెడతా, నాతో పాటు నొక్కండి. ఎముక విరుగుతుందని భయపడొద్దు." లెక్క చాలా వేగం. నేను బతుకమ్మ చప్పట్ల వేగంలో నొక్కుతున్నా, "ఇంకా తొందరగా అక్కా, సెకనుకు రెండు" అన్నాడు. ఒకసారి ఆగి ముఖం చూశాను. "ముఖం చూడకండి, నొక్కండి" అన్నాడు. మా తమ్ముడు, నేను మార్చి మార్చి నొక్కాం. బండి వచ్చేదాకా అతను ఫోన్ పెట్టలేదు. మామయ్య ఇప్పుడు పొద్దున వాకింగ్‌కు పోతాడు, నాకన్నా వేగంగా. ఆ అబ్బాయి పేరు కూడా నాకు తెలియదు.

డల్లాస్_హనుమకొండ
ఆ గురకే అసలు పరీక్ష. గుండె ఆగాక కూడా కొద్దిసేపు అట్లా ఎగశ్వాస వస్తుంది. ఫోన్ చేసినవాళ్లు 'ఊపిరి ఉంది' అనే చెప్తారు. వినిపించమని అడిగాడంటే ఆ అబ్బాయి పని నేర్చుకున్నవాడు. నిమిషానికి 100 నుంచి 120, లోతు కనీసం 5 సెంటీమీటర్లు. లెక్క కూడా సరిగ్గా చెప్పాడు.

పత్తిచేను
సింగరేణి అక్కా, చదువుతుంటే నా చేతులు వణికాయి.

మాజీ_హెడ్‌సెట్
ఇందాక తర్వాత వస్తానన్నది ఇదే. మాకు బొమ్మ మీద సీపీఆర్ నేర్పారు. కానీ ఫోన్‌లో ఇంకొకరితో చేయించడం వేరే విద్య. దానికి బొమ్మ అక్కర్లేదు, నాటకం కావాలి. ఒకరు ఏడ్చే కూతురు, ఒకరు కాల్ టేకర్, మధ్యలో తెర. మేమే రాత్రి కాల్స్ లేనప్పుడు అట్లా ఆడుకునేవాళ్లం. 'కొంచెం పైన, కొంచెం కింద' అంటే అవతలివాళ్లకు ఏం అర్థం కాదు. 'రొమ్ముల మధ్య గీత మీద' అనాలి. సిగ్గుపడి చెప్పలేక కొత్త పిల్లలు సెకన్లు పోగొట్టేవాళ్లు. ఇది సిలబస్‌లో లేదు, మాలో మేం నేర్చుకున్నదే.

గొంతు_మాత్రమే
చాన్నాళ్ల నుంచి చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నేను ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నాను కాబట్టి తక్కువ రాస్తా.

రామప్ప_రోడ్డు గారూ, మీ కాల్ ఎత్తింది నేను కాదు, కానీ అలాంటి తప్పు నేనూ చేశాను. ఆ రోజు రాత్రి అంతకు ముందు కాల్ బావిలో పడ్డ ఒక చిన్న పిల్లవాడిది. వాళ్ల అమ్మ ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. అది ముగిశాక నీళ్లు తాగుదామని సీసా మూత తిప్పేలోపే బీప్ వచ్చింది. తర్వాతి కాల్‌లో ఊరు తిరిగి చదవడం మర్చిపోయాను. బండి వేరే కొత్తపల్లికి పోయింది. పేషెంట్‌కు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ ఊరి పేరు ఇంకా కలలో వస్తుంది.

వీటి మధ్యలో వచ్చే కాల్స్: రీచార్జ్ చెయ్యమని, 'పేరేంటి, బాగా మాట్లాడుతున్నావు' అని, బూతులు. పిల్లలు ఫోన్ జేబులో పెట్టుకుని నొక్కేసినవి. పెద్ద కాల్ తర్వాత పది నిమిషాలు లేచి బయట నిలబడే వీలుండాలి. మీరంటున్న స్టాండర్డ్స్‌లో అది కూడా రాయండి.

రామప్ప_రోడ్డు
నేను ఆ రాత్రి అరిచినందుకు ఆ అమ్మాయికి సారీ చెప్పాలని ఉంది. ఊరు తప్పు పోయిన కోపం మాత్రం ఉంది, అబద్ధమెందుకు.

స్టీరింగ్_అన్న
రెండూ ఉండొచ్చు తమ్మీ. నాకు మా ఆవిడ మీద రెండూ ఉంటాయి.

ఇక మా బాధ. గుర్తు అడిగితే 'వేపచెట్టు దగ్గర' అంటారు. మన దగ్గర వేపచెట్టు లేని ఊరు ఏది? 'సర్పంచ్ ఇల్లు' అంటారు, ఏ సర్పంచ్, ఇప్పుడున్నాయనా పోయినాయనా? ఫోన్ చేసినాయన స్విచాఫ్ చేస్తాడు, చార్జింగ్ అయిపోతుంది. ఒకరిని రోడ్డు మీదికి టార్చి ఇచ్చి పంపమని ఫోన్‌లోనే చెప్పాలి. కొందరు కాల్ టేకర్లు చెప్తారు, వాళ్ల కాల్ అని మాకు తెలిసిపోతుంది, రోడ్డు మీద లైటు కనిపిస్తుంది.

మేడారం జాతరప్పుడయితే అసలు కథే వేరు. లక్షల ఫోన్లు ఒక్కచోట, లైను దొరకదు. దొరికితే 'జంపన్న వాగు దగ్గర ఉన్నాం' అంటారు. వాగు ఏ ఒడ్డు, ఏ స్నానఘట్టం? అక్కడ కరెంటు స్తంభాల మీద నంబరు చదవమంటే పని అవుతుంది.

బీపీఓ_బాబు
ఫోన్ లొకేషన్ కనిపించదా వాళ్లకు? ఫుడ్ డెలివరీ వాడు మా మెట్ల దగ్గరికి వస్తాడు.

మాజీ_హెడ్‌సెట్
ఆ యాప్‌కు నువ్వే జీపీఎస్ ఇచ్చావు. మామూలు కాల్‌లో నా రోజుల్లో వచ్చింది టవర్ లెక్కే. పల్లెల్లో ఒక టవర్ కింద కిలోమీటర్ల కొద్దీ పొలాలు. 112 యాప్ వేసుకుని అందులో నుంచి చేస్తే నయం. మామూలు కీప్యాడ్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కు పోయేట్టు పెట్టారు, టచ్ ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు. జేబులో నుంచి పోయే కాల్స్‌లో కొన్ని వీటి పుణ్యమే.

పత్తిచేను
మా నాయిన పోయిన వానాకాలం బర్రె బురదలో దిగబడిందని 100కు చేశాడు. వాళ్లు తిట్టకుండా 1962కు చెయ్యమన్నారు, పశువుల అంబులెన్స్ అని. ట్రైనింగ్ ఉన్నట్టే కదా?

కాకతీయ_77
బర్రె బయటికొచ్చిందా లేదా?

పత్తిచేను
ట్రాక్టర్ పెట్టి లాగాం. బర్రె బాగుంది. నాయినకు నడుం పట్టింది.

నైట్‌షిఫ్ట్_సిస్టర్
మళ్లీ అసలు విషయానికి. 2021లో అనుబంధ వైద్య వృత్తులకు కేంద్రం చట్టం చేసింది. అంబులెన్స్‌లో వచ్చే టెక్నీషియన్ వృత్తి ఆ జాబితాలో ఉంది. ఫోన్‌లో గుండె నొక్కించేవాళ్ల చదువుకు కూడా అలాంటి గుర్తింపు కావాలని నేనంటాను. ప్రతి కాల్ టేకర్‌ను నెలకోసారి మా క్యాజువాలిటీ గేటు దగ్గర ఒక రాత్రి నిలబెట్టండి. వాళ్లు ఫోన్‌లో విన్నది ఏ రూపంలో దిగుతుందో చూస్తారు. మేం కూడా ఒక రాత్రి వాళ్ల పక్కన కూర్చుంటాం. నేను ముందు వస్తా.

బీపీఓ_బాబు
ఇందాక మార్కుల గురించి నేనన్న దాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. స్క్రిప్టు ఉండాలి, కానీ రాసేటప్పుడు సిస్టర్ లాంటివాళ్లు గదిలో ఉండాలి.

గొంతు_మాత్రమే
మందు, పురుగు, పెయ్యి, దమ్ము. సిస్టర్ రాసిన లిస్టు కాగితం మీద రాసి మా మానిటర్ కింద అంటించాను. కొత్తగా వచ్చిన అమ్మాయిది వేరే జిల్లా, "పెయ్యి అంటే దూడ కదా అక్కా" అంది. ఇంకేమన్నా మాటలు ఉంటే రాయండి.

సింగరేణి_బిడ్డ
"పానం మంచిగ లేదు", "వాతం కొట్టింది", "కండ్లు తిరిగినయ్". ఇంకోటి, "పానం పోతుంది" అని కడుపునొప్పికి కూడా అంటారు, నిజంగా పోతున్నా అంటారు.

పత్తిచేను
"షాక్ కొట్టింది" అంటే మా దగ్గర స్టార్టర్ డబ్బా దగ్గర కరెంటు షాకే. ముందు కరెంటు బందు పెట్టమని చెప్పాలి, లేకుంటే పట్టుకోవడానికి పోయినవాడూ పోతాడు.

గొంతు_మాత్రమే
ఇది కూడా అంటిస్తా.

రామప్ప_రోడ్డు
నిన్న ఫిజియోథెరపీ అయ్యాక బాపు ఒక అట్ట మీద నాతో రాయించాడు. ఫోన్ పక్కన గోడకు కొట్టాం:

"వెంకటాపూర్ మండలం, ములుగు జిల్లా. రామప్ప గుడి ఉన్న మండలం. గోదావరి దాటొద్దు. ఇల్లు: నీళ్ల ట్యాంకు పక్క సందు, నీలం గేటు. ఒకరు లైటు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు."

స్టీరింగ్_అన్న
నీలం గేటు మంచిగుంది. మళ్లీ రంగు మార్చినప్పుడు అట్ట కూడా మార్చు తమ్మీ.